ఉల్టా అక్షరాలు

మొన్న మా కోడలు ఆబిడ్స్‌లో ఒక చేతిసంచి కొనుక్కొచ్చింది. నీలం గుడ్డ మీద ఎర్ర గుడ్డతో కత్తిరించిన పువ్వులు పెట్టి కుట్టారు. అంచు లోపలికి మడవలేదు, కత్తిరించింది కత్తిరించినట్టే వదిలేశారు. మొదటి ఉతుక్కే పువ్వుల చుట్టూ పోగులు లేచాయి. రెండో ఉతుక్కి ఒక రేక సగం ఊడి వేలాడింది. "అత్తమ్మా, దీనికేమన్న చేయొచ్చా?" అని నా దగ్గరికి తెచ్చింది. తెచ్చి ఊరుకున్నా బాగుండేది. ఫోన్‌లో ఒక వీడియో పెట్టి చూపించింది. అందులో ఒకావిడ అచ్చం ఇలాంటి పువ్వునే పట్టుకుని, పోగులు లేస్తే లేవనివ్వండి, అదే దీని అందం అని నవ్వుతూ చెబుతోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ లాక్కుని మంచం మీద పడేశాను.

"గంత కోపమెందుకు అత్తమ్మా? సంచే కద," అంది కోడలు బిత్తరపోయి.

సంచే. కాదని ఎవరన్నారు? కానీ ఒక్క పోగు లేస్తే నాలుగు రోజుల పని మొహాన కొట్టినట్టు వెనక్కి వచ్చే ఇంట్లో పెరిగినదాన్ని నేను. పోగు లేవకుండా చూడడమే మా అమ్మ పని. ఆ పనిలో ఆమెను మించినవాళ్లు ఈ నాంపల్లి చుట్టుపక్కల లేరు. అంతటి మనిషిని ఏం చేశారో చూసినదాన్ని. అందం అట, అందం!

మేము నాంపల్లి స్టేషన్ వెనక ఒక గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. ఒకటే గది, ముందు చిన్న వరండా. ఊళ్లో కూలిపనులు దొరక్క పట్నం వచ్చినవాళ్లం. నాయన గౌలిగూడ బస్టాండులో పార్సిళ్లు ఎత్తేవాడు. అమ్మ ఆబిడ్స్‌లో ఒక దుకాణానికి బ్యానర్లు కుట్టేది. ఇప్పటి పిల్లలకు బ్యానరంటే ప్లాస్టిక్ మీద అచ్చేసి స్తంభాలకు కట్టే దరిద్రం ఒక్కటే తెలుసు. అప్పుడు బ్యానరంటే గుడ్డ. సన్మానమైనా, సంఘాల ఊరేగింపైనా, బడి వార్షికోత్సవమైనా ముఖమల్ గుడ్డ మీద మెరిసే సాటిన్ అక్షరాలు కత్తిరించి కుట్టాలి. అక్షరం అంచు మడిస్తే మూలలు లావెక్కి వికారంగా ఉంటాయి. అందుకని మడవకుండానే కుట్టాలి. మడవకపోతే సాటిన్ ఊరుకోదు, ముట్టుకుంటే చాలు పోగులు వదిలేస్తుంది. ఆ సాటిన్‌ను మాట వినేలా చేయడమే అమ్మ విద్య.

పొద్దున్నే పొయ్యి మీద మైదాపిండి జిగురు ఉడికేది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుల్లో ఉంది. జిగురు చిక్కబడగానే అమ్మ పక్కకు తిరగడం ఆలస్యం, నేను వేలు ముంచి కాస్త చక్కెర కలుపుకుని నాకేసేదాన్ని. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసేది అమ్మ. అది వేశాక జిగురు లేత నీలంగా మారేది. "నీలం పడ్డంక ముట్టినవంటే చస్తవ్, సమజైందా?" అని రోజూ చెప్పేది. ఒకరోజు కక్కుర్తి కొద్దీ నీలం పడ్డాక కూడా నాకాను. అమ్మ నన్ను మోరీ దగ్గరికి ఈడ్చుకెళ్లి, గొంతులో వేలు పెట్టి కక్కించి, వీపు మీద రెండు చరిచి, ఆ తర్వాత తనే కూర్చుని ఏడ్చింది. ఆ మధ్యాహ్నం నాకు మాత్రం జొన్నరొట్టె మీద నెయ్యి వేసి పెట్టింది. నెయ్యి కోసమైనా మళ్లీ నాకుదామా అనుకున్నాను.

ఆ జిగురును సాటిన్ వెనకవైపు పలచగా పూసి, ఆరనిచ్చి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో అదిమేది. గుడ్డ కాగితంలా బిర్రుగా అయ్యేది. రైలింజన్ పొగ వదిలితే మసి వచ్చి తడి గుడ్డ మీద పడుతుందని, కూత వినపడగానే కిటికీ మూయడం నా పని. ఆపైన గుడ్డను నేరుగా కాకుండా ఏటవాలుగా తిప్పి పరిచేది. "పోగు ఎటు నడుస్తదో గటే కోస్తే ఊడుతది. ఏటవాలు కోస్తే ఒకదాన్నొకటి పట్టుకుంటయి," అనేది. మా అమ్మకు ఇంగ్లీషు అక్షరాలంటే కోపం. అన్నీ నిలువు గీతలు, అడ్డ గీతలు, ఏటవాలు కాస్త తప్పినా గీతంతా పోగు వెంబడే పోతుంది. తెలుగు అక్షరాలు గుండ్రంగా తిరుగుతాయి కాబట్టి మాట వింటాయని ఆమె లెక్క.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. జిగురు పూసేది వెనకవైపు కాబట్టి అక్షరం గీసేది కూడా వెనకవైపే. ముందువైపు గీస్తే పెన్సిల్ మరక పడుతుంది. వెనక గీయాలంటే అక్షరాన్ని ఉల్టా గీయాలి. దుకాణం పెయింటర్ పలచటి కాగితం మీద రాసిచ్చిన అక్షరాలను అమ్మ బోర్లా వేసి గీసేది. ఏళ్లు గడిచేసరికి కాగితం అక్కర్లేకపోయింది. ఏ అక్షరం చెప్పినా కుడివైపు నుంచి మొదలుపెట్టి ఉల్టాగా, కొలిచినట్టు గీసేది. మా అమ్మ బడి మొహం చూడలేదు. ఆమె నేర్చుకున్న అక్షరాలు ఇవే. సీదా అక్షరం చూపిస్తే ఒక్క నిమిషం తెల్లమొహం వేసేది. అదే కాగితాన్ని తిప్పి వెలుతురుకు పట్టుకుంటే గడగడా చదివేది.

మా ఇంట్లో ఎవరికీ ఇది వింతగా ఉండేది కాదు. నేల నిండా కత్తిరించిన అక్షరాలు బోర్లా పడి ఉండేవి. అక్షరం తొక్కకూడదని మా నాయనమ్మకు భయం. ముసలామె కర్ర పట్టుకుని ఆ ఒక్క గదిలో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక సతమతమయ్యేది. చివరికి తనే ఒక దారి కనిపెట్టింది. "బోర్లున్నంతసేపు అవి అక్షరాలు గావు, గుడ్డపేలికలే. సక్కగ తిప్పినంకనే సరస్వతి," అని తీర్పు చెప్పి, బోర్లా ఉన్నవాటి మీంచి నిశ్చింతగా నడిచిపోయేది. ఏదన్నా ఒకటి పొరపాటున సీదాగా పడి ఉంటే మాత్రం వంగి కళ్లకద్దుకునేది. సున్న కత్తిరించినప్పుడు మధ్యలోంచి రాలే ఎర్రటి చుక్కలను నేను జిగురుతో నుదుటికి అతికించుకుని బడికి పోయేదాన్ని. మా తరగతిలో అంత మెరిసే బొట్టు ఎవరికీ ఉండేది కాదు.

కత్తిరించాక కుట్టు. అంచు నుంచి బియ్యపు గింజ వెడల్పు వదిలి కాలిమిషన్ మీద చిన్న టాకాలతో కుట్టుకుంటూ పోవాలి. అంచుకు మరీ దగ్గరైతే కుట్టుతో సహా పోగు ఊడుతుంది. దూరమైతే అంచు లేచి నిలబడుతుంది. "జిగురు ఉన్నది కుట్టేదాకనే. నీళ్లు పడితే పోతది. ఆ తర్వాత నిలబెట్టేది ఏటవాలు, బియ్యపు గింజ, గంతే," అనేది అమ్మ. ఆమె కుట్టిన అక్షరాన్ని గోరుతో గీకినా ఒక్క పోగు లేచేది కాదు. ఆ దుకాణం ఆయన వచ్చినవాళ్లతో, ఇది బొంబాయి నుంచి తెప్పించిన పెద్ద మిషన్ పని అని చెప్పుకునేవాడు. అమ్మతో కలిసి బ్యానర్ ఇవ్వడానికి పోయినప్పుడు నా చెవులతో విన్నాను. అమ్మ మిషన్ అప్పటికే తొక్కీ తొక్కీ కీచుమనేది. "నువ్వే చేస్తవని చెప్పవేందే?" అని నేనంటే, "చెప్తే రేపు పని ఇయ్యడు," అంది. వాడి మీద అప్పుడు వచ్చిన కోపం నాకు ఇంకా తీరలేదు.

ఒక ఏడు మా బడికి ఏదో పెద్ద ఉత్సవం వచ్చింది. ముఖమల్ బ్యానర్ చేయించారు, కుట్టింది అమ్మే. దాన్ని వేదిక మీద కట్టినరోజు మా పెద్ద టీచరమ్మ దగ్గరగా వెళ్లి అక్షరాలను వేలితో తడిమి చూసింది. "ఎవరు కుట్టిన్రో గానీ వాళ్లను తెచ్చి మన ఆడపిల్లలకు నేర్పియ్యాలె," అంది పక్కన ఉన్న టీచర్‌తో. మా బడిలో కుట్టు టీచర్ పోస్టు ఖాళీగా ఉండేది. నేను అక్కడే పిల్లల వరసలో నిలబడి ఉన్నాను. ఆగలేక, "మా అమ్మే కుట్టింది, టీచర్!" అని అరిచాను. అరవకపోయినా బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

మరుసటి వారం అమ్మను రమ్మన్నారు. అమ్మ నమూనా గుడ్డ ఒకటి తయారుచేసింది. ఒక మూల ఉత్తగా కత్తిరించి వదిలేసిన ముక్క, పోగులన్నీ పీక్కుపోయినది. దాని పక్కన జిగురు పూసినది, ఆ పక్కన నేరుగా కత్తిరించినది ఒకటి, ఏటవాలుది ఒకటి. అంచు మీద కుట్టి చెడిపోయిన ముక్క కూడా పెట్టింది, తప్పు చూస్తేనే పిల్లలకు తెలుస్తుందని. నడిమధ్యలో ఒక ఎర్రటి సున్న. సున్నలో కొంత పోగు వెంబడి పోతుంది, కొంత ఏటవాలుగా పోతుంది, అందుకని అది వస్తే అన్నీ వచ్చినట్టే. గుడ్డ మొత్తాన్ని రెండుసార్లు ఉతికి ఆరేసింది. నెలజీతం వస్తే ఆ ఆబిడ్స్ దుకాణం గడప తొక్కక్కర్లేదు. వరండాలోకి మిషన్ ఈడ్చుకుని వెలుతురు పోయేదాకా కళ్లు చించుకోవక్కర్లేదు. అన్నిటికంటే, నన్ను చూసి టీచర్ బిడ్డ అంటారు. ఆమె ఆ మాట ఒక్కసారే అంది, కానీ అన్నప్పుడు మొహం చూడాలి.

"జర పెన్ను గట్టిగ పట్టుకో అమ్మా, దరఖాస్తు మీద సంతకం పెట్టాలట," అన్నాను బయల్దేరేటప్పుడు.

"సంతకం నాకొస్తది," అంది అమ్మ తల ఎత్తి.

వస్తుందని నాకూ తెలుసు. మిషన్ చెక్క అడుగున సుద్దముక్కతో తన పేరు రాసుకుంది. నేను చూశాను. ఎట్లా రాసిందో కూడా చూశాను. అది ఉల్టాగా ఉందన్న ఆలోచనే నాకు రాలేదు. మా ఇంట్లో అక్షరాలన్నీ అట్లాగే ఉండేవి మరి.

పెద్ద టీచరమ్మ గదిలో అమ్మ నమూనా గుడ్డ విప్పి బల్ల మీద పరిచింది. టీచరమ్మ గోరు పెట్టి గీకి చూసింది. సున్నను గట్టిగా రుద్దింది. ఏమీ లేవలేదు. "శానా బాగున్నదమ్మా. చదువు సంగతి మేము చూసుకుంటం. వేలిముద్ర అయితే పైన ఒప్పుకోరు, సంతకం వస్తే చాలు," అంది. పక్క బల్ల దగ్గర గుమాస్తా కాగితం ముందుకు తోశాడు.

అమ్మ చేతులు తుడుచుకుని పెన్ను తీసుకుంది. గీతకు కుడివైపు చివర మొదలుపెట్టింది. నాలుగు అక్షరాలు, తీరిగ్గా, పొందికగా రాసింది. ఒక్క వంకర లేదు. అంత చక్కటి చేతిరాత ఆ గదిలో ఇంకెవరికీ ఉండి ఉండదు.

గుమాస్తా కాగితం తీసి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఏందమ్మా ఇది? ఉర్దూ రాసినవా ఏంది?" అన్నాడు. కుడి నుంచి ఎడమకు రాసింది కదా, వాడి బుర్రకు అంతే తట్టింది. ఉర్దూ చదవడం వచ్చిన, గంట కొట్టే ముసలి జవానును పిలిచి చూపించాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "ఉర్దూ గాదు సాబ్," అన్నాడు. "మరేం భాషనో అమ్మనే అడుగుదాం!" అని గుమాస్తా పగలబడి నవ్వాడు. పక్క కుర్చీలో ఉన్న ఇంకో టీచర్ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. హాజరు పుస్తకం పట్టుకుని వచ్చిన నా తరగతి పిల్లలు ఇద్దరు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్లూ నవ్వారు.

అమ్మకు ఏం తప్పు జరిగిందో అర్థం కాలేదు. ఆ గదిలో అర్థమైంది నాకొక్కదానికే. అమ్మ నా వైపు చూసింది.

ఒక్క మాట చెప్తే సరిపోయేది. కాగితం తిప్పి కిటికీ వైపు పట్టుకోండి సార్, సీదాగా కనిపిస్తుంది, అని. అంతే. ఇంత పని చేసే మనిషి అక్షరాలను వెనక నుంచి నేర్చుకుంది, అందుకే మీ బ్యానర్ అంత బాగుంది, అని. నాకు నోరు లేకనా? బడిలో అందరికంటే పెద్ద నోరు నాదే. కానీ గుమ్మంలో ఆ ఇద్దరు పిల్లలు ఉన్నారు. నేను తల దించుకుని నేల మీద గచ్చు పగుళ్లు చూస్తూ నిలబడ్డాను.

"అక్షరం రాని మనిషిని పిల్లల ముందట ఎట్ల నిలబెడతమమ్మా?" అంది పెద్ద టీచరమ్మ. మెత్తగానే అంది. మెత్తగా అన్నందుకు నాకు ఆమె మీద ఇంకా మంట. అమ్మ గుడ్డ మడతపెట్టబోతే, "అది ఉండనీ, పిల్లలకు పనికొస్తది," అంది. అమ్మ వదిలేసి వచ్చింది. ఇంటికి రాగానే మిషన్ చెక్క అడుగున ఉన్న పేరును తడిగుడ్డతో తుడిచేసింది.

నెల తిరక్కుండా సర్టిఫికెట్ ఉన్న కుట్టు టీచర్ వచ్చింది. మా అమ్మ నమూనా గుడ్డను గోడకు తగిలించి, దాన్ని చూపిస్తూ మాకు పాఠం చెప్పింది, తన పద్ధతి అన్నట్టుగా. గుడ్డ ఏటవాలుగా వేశారని ఆమెకు తెలియదు, గుడ్డ నోరు విప్పి చెప్పదు కదా. మాతో గుడ్డపువ్వులు కత్తిరించి అంచు మీదనే కుట్టించేది. పిల్లలందరి పువ్వులూ పోగులు లేచి ఏడ్చాయి. నావి లేవలేదు. "నీకు మంచి చెయ్యి ఉన్నది, ఎవరు నేర్పిన్రు?" అని అడిగితే, "మీరే, టీచర్," అన్నాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. గుమాస్తాను తిడతాను, టీచరమ్మను తిడతాను, ఆబిడ్స్ దుకాణం వాణ్ని తిడతాను. నన్ను నేను తిట్టుకోవడానికి అంత తేలిగ్గా నోరు రాదు.

ఆ సెలవుల్లో సిగ్గుతో ఒక పలక తెచ్చి అమ్మ ముందు పెట్టాను. సీదాగా రాయడం నేర్పిస్తానన్నాను. అమ్మ పలకను పక్కకు నెట్టింది.

"సీదా నేర్చుకుంటే చెయ్యి చెడుతది. రేపు బ్యానరు మీద అక్షరం ఉల్టా పడితే ఎవరు అడుగుతరే? నువ్వు సదువుకో పో," అంది.

అది నిజం కూడాను. సీదా నేర్చుకోవడానికి ఆమెకు తీరిక లేదు, ఉల్టా మరిచిపోయే స్తోమత లేదు. అప్పటినుంచి అమ్మ ఎక్కడా పెన్ను పట్టుకోలేదు. రేషన్ కార్డుకైనా, కిరాయి కాగితానికైనా, నా పెళ్లి కాగితాలకైనా బొటనవేలే ముందుకు చాపేది. ఈ పట్నంలో ఎందరి పేర్లు, ఎన్ని సంఘాల పేర్లు ఆమె చేత్తో కత్తిరించి ముఖమల్ మీదకు ఎక్కించిందో. తన పేరుకు మాత్రం వేలిముద్ర.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఆబిడ్స్‌లో ఆ దుకాణం కూడా మిషన్ పెట్టుకుంది, ఈసారి నిజంగానే. గుడ్డ బ్యానర్ అడిగేవాళ్లు లేకుండా పోయారు. నేను చదువుకుని లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం చేశాను. కౌంటర్ దగ్గర వేలిముద్ర వేసే ముసలామెను చూసి ఒకసారి మా జూనియర్ ఏదో వెకిలిగా అంటే, కుర్చీలోంచి లేచి ఆఫీసంతా అదిరేలా తిట్టాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి నాకు అన్నం సయించలేదు. ఆ నోరు కావలసిన రోజున మూసుకుని కూర్చుంది.

అమ్మ చివరి రోజుల్లో దవాఖానలో ఆపరేషన్ అన్నారు. నర్సు కాగితం తెచ్చి, "సంతకమా, వేలా?" అని అడిగింది. మధ్యాహ్నం వేళ, వార్డు నిండా జనం. అమ్మకు తెలివి బాగానే ఉంది. నేను పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టబోయాను.

"రాయే అమ్మా. నీకెట్లొస్తే గట్లనే రాయి. ఎవరన్న అడిగితే నేను చెప్తా," అన్నాను.

అమ్మ పెన్ను వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

"ఇప్పుడు చెప్తవా బిడ్డా?" అంది.

బొటనవేలు చాపింది. నర్సు దానికి సిరా రాసింది. ముద్ర చెదరకుండా మీరు జర పట్టుకోండి అంది నాతో. ఆ వేలు నేనే పట్టుకుని కాగితం మీద ఒత్తాను.